బోర్లించిన కుండ

రాజమహేంద్రవరమునుండి బయలుదేరి, ధవళేశ్వరమువద్ద గోదావరిని దాటి, బొబ్బర్లంకలో దిగిన బాటసారికి ఆత్రేయపురము త్రోవ చెప్పుటకు ఎవరును అక్కరలేదు. నీటివెంట పోయిన చాలును. లొల్ల లాకులు చూడవచ్చిన జనము, వాడపల్లి వేంకటేశ్వరుని దర్శించి మరలు జనము, పెండ్లి సారెకు సరుకు కొనవచ్చిన జనము, అందరును ఆ ఊరివద్ద ఒకమారు ఆగుదురు. దారి ప్రక్క దుకాణములలో అద్దముల వెనుక తెల్లని చుట్టలు పేర్చి ఉండును. చాలమంది అక్కడనే కొని, అక్కడినుండియే వెనుకకు మరలుదురు. నేనును ఎన్నో సంవత్సరములు అట్లే చేసినాను. అద్దము వెనుక ఉన్నదానినే పూతరేకు అనుకొన్నాను. దాని పుట్టుక చూడవలెనన్న బుద్ధి, బడి పని చాలించిన తరువాతగాని నాకు పుట్టలేదు.

చూచినది ఇది. ఇంటి వెనుక పంచలో ఒక మట్టికుండ. నీళ్లు కాచుటకు కాదు, అన్నము వండుటకును కాదు. దానిని బోర్లించి పొయ్యికి అమర్చినారు. లోపల ఎండు కొబ్బరి మట్టలు మండుచున్నవి. కుండ అడుగుభాగము నునుపుగా, గుండ్రముగా, నూనె త్రాగి మెరయుచున్నది. ప్రక్కన వెడల్పాటి పళ్లెములో పాలవలె పలుచని బియ్యపుపిండి నీరు. కుండ ముందు కూర్చున్న ఇల్లాలు చేతిలోని గుడ్డపేలికను ఆ నీటిలో ముంచి, అంచులు పట్టి కుండమీద పరచి, పరచినంతలోనే లాగివేసినది. కుండమీద ఏమియు లేదనిపించినది. మరుక్షణమున ఒక అంచు కొద్దిగా లేచినది. ఆమె వ్రేళ్లతో ఆ అంచును పట్టి ఎత్తగా కుండ ఆకారమునంతయు మోసికొని ఒక పొర గాలిలోనికి వచ్చినది. కాగితముకంటె పలుచన. దాని వెనుకనున్న ఆమె గాజులు నాకు కనుపించుచున్నవి.

పూత పూయగా వచ్చిన రేకు కనుక పూతరేకు. ఆ పేరులో చక్కెర లేదు, నేయి లేదు, జీడిపప్పు లేదు. పేరు పెట్టినవారికి ఏది ముఖ్యమో తెలియును.

“ఎన్నాళ్లకు పట్టుబడినదమ్మా ఈ పని?” అని అడిగితిని.

“పెళ్లయి వచ్చాక మా అత్తగారు నేర్పారండి. మొదటి ఏడంతా చిరుగులేనండి. ఆయ్, చెయ్యి కాలకుండా రేకు రాదు మేష్టారూ” అన్నది, గుడ్డ ముంచుచునే.

ఈ వ్యాసమునకు ఆ కుండయే విషయము. కాని ఇది వంటల వ్యాసము కాదు. ఇటీవల మన బడిపిల్లలు సయితము ‘అంకుర సంస్థ’ అను మాటను వాడుచున్నారు. 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వము అంకుర సంస్థల ఉద్యమమును ఆరంభించిన తరువాత ఆ మాట ఊరూర ప్రాకినది. 2025 ఆగస్టులో అమరావతి ప్రాంతమున రతన్ టాటా పేరిట నూతన కల్పనల కేంద్రము వెలసినది. దాని ఉపకేంద్రములలో రాజమహేంద్రవరము ఒకటి. ఒక క్రొత్త ఆలోచన, కొద్దిపాటి మూలధనము, త్వరితమైన ఎదుగుదల, ఈ మూడును కూడినచో అంకురమని లోకము పిలుచుచున్నది. సెల్లుఫోనుతోను, లెక్కయంత్రముతోను పుట్టిన సంస్థలకే ఆ పేరు తగునని పిల్లలు అనుకొనుచున్నారు. ఆహారపదార్థములు చేసి అమ్ముకొను చిన్న సంస్థలలో నూతన కల్పనకును, వ్యాపార ఫలితమునకును సంబంధమేమి అని ఒక విద్యార్థి నన్ను అడిగినాడు. పుస్తకములోని ప్రశ్న అది. నాకు మాత్రము ఆ బోర్లించిన కుండ గుర్తుకు వచ్చినది.

పుస్తకముల సంగతి వచ్చినది కనుక ఒక పేరు చెప్పవలెను. జోసెఫ్ షుంపీటర్ అను ఆస్ట్రియా దేశపు అర్థశాస్త్రజ్ఞుడు 1911లో ఆర్థికాభివృద్ధిని గురించి జర్మను భాషలో ఒక గ్రంథము ప్రకటించినాడు. వ్యాపారములో క్రొత్తదనము అయిదు ద్వారములగుండ వచ్చునని అతని మతము: క్రొత్త సరుకు, క్రొత్త తయారీ పద్ధతి, క్రొత్త విపణి, క్రొత్త ముడిపదార్థము, క్రొత్త వ్యవస్థ. క్రొత్త వస్తువును కనిపెట్టినవాడు వేరు, దానిని లోకవ్యవహారమునకు తెచ్చువాడు వేరు అనియు, ఆర్థికాభివృద్ధికి రెండవవాడే కర్త అనియు అతడు గట్టిగా చెప్పినాడు. ఈ అయిదు ద్వారములను చేతబట్టుకొని ఆత్రేయపురమునకు పోయినచో ఏమి కనుపించును?

ముందు ముడిపదార్థము. 1852లో కాటను దొర ధవళేశ్వరము ఆనకట్ట పూర్తి చేయువరకు ఈ సీమ ఒక ఏడు వరదకును మరియొక ఏడు కరవునకును లొంగియుండినది. కాలువలు పారిన తరువాత వరి వచ్చినది, చెరకు నిలిచినది, పాడి పెరిగినది. పూతరేకునకు కావలసిన బియ్యము, బెల్లము, నేయి, పొయ్యిలోనికి కొబ్బరి మట్ట, అన్నియు పిలుపు దూరములో దొరకునవే. పూతరేకుల తయారీదారులు తమ సంక్షేమ సంఘమునకు సర్ ఆర్థర్ కాటను పేరు పెట్టుకొన్నారు. మిఠాయి సంఘమునకు ఇంజనీరు పేరేమని నవ్వువారు ఒకమారు బొబ్బర్లంకవద్ద నిలిచి ఆ నీటిని చూడవలెను.

ఇక ఆ బియ్యము సంగతి వింతయైనది. రేకు తీయుటకు ‘జయ’ బియ్యము శ్రేష్ఠమని ఆ ఊరివారి మాట. సన్నబియ్యము పనికిరాదట. ముతక బియ్యము నానబెట్టి, మెత్తగా రుబ్బి, పలుచగా కలిపినగాని పొర పట్టదట. దీనికి శాస్త్రములో ఆధారము లేకపోలేదు. వండిన అన్నము ముద్దకట్టక పొడిపొడిగా విడిపోవు బియ్యములలో అమైలోజు అను పిండిపదార్థ భాగము హెచ్చు. పలుచని పొరగా గట్టిపడు గుణము దానికే ఎక్కువ. అది అట్లుండ, ఈ ‘జయ’ ఎక్కడిది? తాతముత్తాతలనాటిదని వినువారు అనుకొందురు. కాని ‘జయ’ అనునది 1968లో విడుదలైన పొట్టి వంగడము! హైదరాబాదు సమీపమున రాజేంద్రనగరములో కేంద్రముగా నడచిన అఖిలభారత వరి పరిశోధన పథకమున సంకరము చేసి పుట్టించిన విత్తనము. మన దేశమున హరితవిప్లవమునకు తొలి వరి వంగడములలో ఒకటి. తైవాను దేశపు పొట్టి రకము రక్తము దానిలో ఉన్నది. ఎక్కువ దిగుబడికొరకు శాస్త్రజ్ఞులు సృష్టించిన ఆ బియ్యమును, దిగుబడితో పనిలేని వేరొక గుణముకొరకు ఆత్రేయపురపు ఇల్లాండ్రు ఏరుకొన్నారు. ఏ ప్రయోగశాలయు వారికి చెప్పలేదు. ఈ బియ్యము ఆ బియ్యము కుండమీద పూసి చూచియుందురు. చిరిగినదానిని విడిచి నిలిచినదానిని పట్టియుందురు. సంప్రదాయమని మనము దండము పెట్టుచున్న దానిలో 1968నాటి నూతన కల్పన ఒకటి దాగియున్నది. నూతన కల్పన అనగానే పట్టణమువైపు చూచు మన పిల్లలకు ఈ ముక్క తప్పక చెప్పవలసినది.

సరుకులో క్రొత్తదనము అందరికిని కనుపించునదే. పూర్వము రేకులమధ్య చక్కెరపొడియు, నేయియు, కొంచెము ఏలకిపొడియు. ఇప్పుడు బెల్లము, జీడిపప్పు, బాదము, పిస్తా, పిల్లలకై చాక్లెట్టు, మధుమేహులకై చక్కెర లేనివి. నేను ఛాందసుడను గనుక చాక్లెట్టు పూతరేకును నోట పెట్టుకొనుటకు కొంత తటపటాయించితిని. పెట్టుకొన్న తరువాత తటపటాయింపు కొనసాగినది. కాని మా మనుమరాలు రెండవదానికి చేయి చాచినది, వర్తకునికి కావలసినది ఆ చేయి.

విపణిలోని మార్పు ఇంకను పెద్దది. ఒకప్పుడిది పెండ్లిపందిళ్లకును, సంక్రాంతి అల్లుండ్రకును పరిమితము. తరువాత రావులపాలెమువద్ద పోవు జాతీయ రహదారి దీనిని విశాఖపట్టణపు, విజయవాడ ప్రయాణికుల సంచులలోనికి చేర్చినది. శనివారము వాడపల్లికి వచ్చు భక్తజనము అంగళ్లకు వారవారము పండుగ తెచ్చినది. ఆ వెనుక ఫోనుమీద కోరిన ఇంటికి చేరవేయు కొరియరు వచ్చినది. హైదరాబాదు, బెంగుళూరు దాటి అమెరికాలోని తెలుగువారి ఇండ్లకు పెట్టెలు పోవుచున్నవి. పలుచని రేకు చితికిపోకుండ అంత దూరము పోవలెనన్న పెట్టె గట్టిగా ఉండవలెను, గాలి తగులరాదు, చెమ్మ సోకరాదు. పొడి రేకు గాలిలోని తేమను ఇట్టే పీల్చుకొనును. వానాకాలమున తీసిన రేకు తీసినచోటనే మెత్తబడును. పెట్టెను గురించి తల బ్రద్దలు కొట్టుకొన్నవాడు షుంపీటరు పేరు వినియుండకపోవచ్చును. కాని అతని గ్రంథములోని మనిషి అతడే.

ఇట్లు అయిదింటిలో మూడు ద్వారములు తెరచియే ఉన్నవి. నాలుగవదియైన తయారీ పద్ధతివద్ద మాత్రము మనము ఆగిపోవుదుము. అక్కడ కుండ బోర్లించియే ఉన్నది. నేను చూచిన ఇండ్లలో కుండ మారలేదు, గుడ్డ మారలేదు, వంగి కూర్చున్న నడుము మారలేదు.

గోదావరి సీమలోనే మరియొక మిఠాయి కథ దీనికి పూర్తిగా భిన్నముగా నడచినది. మండపేటకు సమీపమున ఉన్న తాపేశ్వరములో గత శతాబ్ది పూర్వార్ధమున పోలిశెట్టి సత్తిరాజు మడతకాజాకు పేరు తెచ్చినారు. పిండిని పలుచగా ఒత్తి, చుట్టి, ముక్కలు కోసి, మరల ఒత్తి వేయించగా పొరలు పొరలుగా విడి, ఆ పొరలలో పాకము నిలుచును. కాకినాడలో కోటయ్య పేరిట ప్రసిద్ధమైన గొట్టము కాజాకు పొరలు లేవు. కొరికినంతనే పాకము చిమ్మును. రెండును కాజాలే, రెండు ఊళ్ల అభిమానములు వేరు. నా ఓటు ఎటో చెప్పి ఒక జిల్లావారితో తగవు తెచ్చుకొనదలచలేదు. ఇక్కడ చూడవలసినది, కాజాను కనిపెట్టిన కుటుంబమే దానిని అమ్మినది. పని, పేరు, లాభము ఒకే కప్పుక్రింద ఉన్నవి. తాపేశ్వరములోని సురుచి సంస్థవారు 2016లో 29,465 కిలోల లడ్డు చేసి గిన్నిస్ గ్రంథమున నమోదు చేయించినారు. అంత లడ్డును ఎవరును తినుటకొరకు చేయరు, పేరుకొరకే చేయుదురు. పేరు సరుకును అమ్మును, అమ్మినది తిరిగి ఆ కప్పుక్రిందికే వచ్చును. లడ్డును పెద్దది చేయవచ్చును. పూతరేకును ఏమి చేయవచ్చును? అది పలుచదనములో ఉన్న విద్య. ఎంత పెంచినను కుండ అడుగును మించి పెరుగదు.

ఆత్రేయపురములో పని రెండుగా చీలినది. రేకు తీయువారు కొందరు, రేకును కొని లోపల తీపి చల్లి చుట్టి అమ్మువారు కొందరు. రెండును చేయు ఇండ్లు లేకపోలేదు; కాని వర్తకము పెరిగినకొలది చీలిక పెరుగుట సహజము. రేకు తీయు ఇల్లాలికి లెక్కకు ఇంతయని కూలి. చుట్టి అమ్ము అంగడికి పెట్టెకు ఇంతయని ధర. ఇక్కడ ఉపాధ్యాయ మిత్రులు తరగతిలో పిల్లలచే చేయించదగిన లెక్క ఒకటి ఉన్నది. ఒక చుట్టకు రెండు రేకులు కావలెననుకొనుడు. అంగడివాడు చక్కెరకు బదులు జీడిపప్పు, బాదము వేసి చుట్ట ధర రెట్టింపు చేసినాడు. రేకులు ఎన్ని? రెండే. రేకు ధర ఎంత? నిన్నటిదే. ఆ పైన మంచి పెట్టె కట్టించి, సముద్రము దాటించి, ధరను మరల రెట్టింపు చేసినాడు. రేకులు ఎన్ని? రెండే. కుండముందు కూర్చున్నవారి పని అన్ని చుట్టలలోను ఒకటే, చౌక దానిలోను ఖరీదైనదానిలోను.

అంగడివానిని నేను నిందించుటలేదు. జీడిపప్పు ఊరక రాదు. పెట్టె చితికినచో నష్టము అతనిదే. నేయి కమరు వాసన వేసినచో తిట్లు అతనికే. పండుగకు ముందు అప్పు తెచ్చి సరుకు నింపి, పండుగనాడు వాన కురిసినచో తల పట్టుకొను మనిషి అతడే. క్రొత్తదనమునకు మూల్యము చెల్లించినవానికి ప్రతిఫలము రావలసినదే. నేను చెప్పునది ఒక్కటి: ఈ వ్యాపారమున జరిగిన నూతన కల్పనలన్నియు రేకు కుండనుండి లేచిన తరువాత జరిగినవి. లోపలి తీపిలో, పైపెట్టెలో, పోవు దారిలో జరిగినవి. నూతన కల్పన ఎక్కడ జరిగినదో లాభము అక్కడనే నిలిచినది, క్రిందికి జారలేదు. కావున ‘నూతన కల్పన వలన వ్యాపార ఫలితము పెరుగునా?’ అన్న ఆ విద్యార్థి ప్రశ్నకు ‘పెరుగును’ అనుట సులభము. ఎవరి ఫలితము అని తిరిగి అడిగినప్పుడే పాఠము మొదలగును.

2023లో ఆత్రేయపురము పూతరేకునకు భౌగోళిక సూచిక లభించినది. పత్రికలన్నియు వ్రాసినవి, ఊరు సంబరపడినది. ఆ గుర్తింపు ఏమిటో, ఏమి కాదో తెలిసికొనుట మంచిది. 1999లో పార్లమెంటు చేసి 2003 సెప్టెంబరునుండి అమలుపరచిన చట్టము ఇది. మన దేశమున మొదట ఆ గుర్తింపు పొందినది డార్జిలింగు తేయాకు. మన తిరుపతి లడ్డునకు 2009లోను, బందరు లడ్డునకు 2017లోను వచ్చినది. ఒక ఊరి నేల, నీరు, నేర్పు వలన ఒక సరుకునకు ప్రత్యేకత వచ్చినప్పుడు ఆ ఊరి పేరును ఇతరులు వాడుకొనరాదని ఈ చట్టము చెప్పును. పేటెంటువలె ఇది ఒక వ్యక్తి సొత్తు కాదు, ఊరుమ్మడి సొత్తు. పది సంవత్సరములకు ఒకసారి మరల నమోదు చేసికొనవలెను.

ఇంతవరకు అందరికిని తెలిసినదే. తెలియనిది తరువాతి భాగము. సూచిక సంఘము పేర నమోదగును. కాని దానిని తన సరుకుపై వాడుకొనదలచిన ప్రతి తయారీదారుడును వేరుగా దరఖాస్తు పెట్టి ‘అధీకృత వినియోగదారు’గా పట్టికకు ఎక్కవలెను. ఎక్కినవానికే ముద్ర వేసికొను హక్కు, సంఘముతోపాటు ఎక్కినవానికిని ఇతరులపై దావా వేయు హక్కు. అంగడి పెట్టినవాడు ఎక్కుట సులభము. అతనికి పెట్టె ఉన్నది, పెట్టెమీద పేరున్నది. పేరులేని తెల్లని రేకులను కట్టకట్టి అంగడికి వేయు ఇల్లాలు ముద్రను ఎక్కడ వేయును? ఆమె సరుకు పెట్టెలోపల ఉండును. చట్టము ఆమెను కాదనలేదు. తయారీదారు అన్న మాటలో ఆమెయు ఉన్నది. కాని ఉండుట వేరు, పట్టికలో కనుపించుట వేరు. ఊరికి వచ్చిన పేరు వలన సరుకు ధర పెరిగి, ఆ పెరిగినదానిలో ఎంతో కొంత కుండవరకు రావలెనన్న సంఘము పూనుకొనవలెను. రేకు తీయువారి పేర్లను సంఘమే వ్రాసి పంపవచ్చును. ఈ పని ఏ పరిశోధనాలయముతోను అవసరము లేని నూతన కల్పన. షుంపీటరు అయిదవ ద్వారమైన వ్యవస్థ అనునది ఇదియే.

ప్రభుత్వ సహాయములోను ఇట్టి చిక్కే ఒకటి ఉన్నది. చిన్న ఆహార పరిశ్రమలను క్రమబద్ధము చేయుటకు కేంద్రము 2020లో ఒక పథకము తెచ్చినది. దాని ప్రకారము యంత్రములు మొదలగువానికి అగు వ్యయములో 35 శాతము, 10 లక్షల రూపాయలకు మించకుండ, బ్యాంకు ఋణముతో ముడిపెట్టి రాయితీ. మంచిదే. పచ్చళ్లవారికి, పొడులవారికి మిక్కిలి ఉపకరించునదే. కాని యంత్రమే లేని విద్యకు యంత్రము వెలలో వంతు ఎట్లు ఇత్తురు? కుండ వెలలో 35 శాతము ఎంతగును? న్యాయముగా చెప్పవలెనన్న, ఆ పథకమునందే స్వయంసహాయక సంఘములోని సభ్యురాలికి తలకు 40,000 రూపాయల వరకు విత్తన మూలధనము ఏర్పరచినారు, చిన్న పనిముట్లకును చేతి ఖర్చులకును. రేకు తీయు ఇల్లాండ్రు పదిమంది కూడి సంఘముగా నిలిచినచో బియ్యము వారే టోకున కొని, కట్టెలు వారే తెచ్చుకొని, కట్ట ధర వారే చెప్పవచ్చును. విడివిడిగా ఉన్నప్పుడు ధర చెప్పువాడు కొనువాడే.

అయితే యంత్రమే తెచ్చినచో? ఈ ప్రశ్నకు సమాధానము చూచుటకు మరియొక డెల్టాకు పోవుదము. వియత్నాము దేశమున మెకాంగు నది డెల్టాలో బెన్ త్రె అను ప్రాంతమున్నది. అదియు మన కోనసీమవలె వరి, కొబ్బరి, కాలువల సీమ. అక్కడను బియ్యపుపిండితో పలుచని రేకు తీయుదురు. పద్ధతి మాత్రము తారుమారు: మనవారు మండు కుండమీద గుడ్డతో పూయుదురు, వారు మరుగు నీటి పాత్రకు గుడ్డ బిగించి, ఆ గుడ్డమీద పిండి పోసి, ఆవిరిలో ఉడికించి, తడికలమీద ఎండబెట్టుదురు. అందులోని మీ లాంగ్ అను గ్రామము కొబ్బరిపాలు కలిపిన రేకులకు పేరుపడినది. ఆ దేశపు బియ్యపు రేకు యంత్రమునకు లొంగినది. నేడు యంత్రములపై తయారై, పొట్లములలో లోకమంతట అమ్ముడగుచున్నది. గ్రామములలో చేతి రేకును అభిమానించువారు చేతి రేకునే కొనుచున్నారు. యంత్రము వచ్చిన పిదప చేయి పూర్తిగా మాయము కాలేదు. కాని చేతికి తన సరుకు వేరని చెప్పుకొనవలసిన అక్కర ఏర్పడినది. ఉడికిన రేకు తడిగా ఉండును గనుక చక్రముమీద సాగును. మన రేకు పుట్టినంతనే ఎండి పెళుసగును. దానిని ఎత్తు వ్రేళ్లకు ఎంత బలము పెట్టవలెనో, ఎప్పుడు పెట్టవలెనో యంత్రమునకు నేర్పుట కష్టము. కష్టమేగాని అసాధ్యమని నేను అనను. ఆ దినము వచ్చుటకు ముందే ‘చేతి రేకు’ అన్న మాటకు విలువ కట్టించుకొన్నచో రేకు తీయువారికి దిక్కున్నది. ఆలస్యమైనచో వారి విద్యను యంత్రముతో పోల్చి వారి కూలిని తగ్గింతురు.

యంత్రముకంటె ముందు రావలసిన చిన్న మార్పులు కొన్ని ఉన్నవి. వీనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. పంచలోని పొగ పైకి పోవుటకు గొట్టము. నేలపై వంగి కూర్చొనక పీటయెత్తున చేయదగిన పొయ్యి. వానాకాలమున రేకులు దాచుటకు చెమ్మ చొరని డబ్బాలు. చాక్లెట్టు పూతరేకును ఊహించిన బుద్ధిలో పదవ వంతు ఇటు తిరిగినచో చాలును. ఇంజనీరింగు కళాశాలలు గోదావరి రెండు గట్లమీదను కావలసినన్ని ఉన్నవి. చివరి సంవత్సరపు విద్యార్థులు ప్రాజెక్టు పనికై ఎక్కడెక్కడి విషయములనో వెదకుచుందురు. ధవళేశ్వరమునకు అవతల, అరగంట ప్రయాణములో, ఒక బోర్లించిన కుండ వారికొరకు కాచుకొనియున్నది.

నేను వెళ్లిన ఇంటిలో ఒక అమ్మాయి ఉన్నది. డిగ్రీ చదువుచున్నది. తల్లి రేకు తీయుచుండగా ఆమె గడపలో కూర్చుండి ఫోనులో వచ్చిన కబురులకు జవాబులు వ్రాయుచున్నది. ఇప్పుడిప్పుడే వారు రేకులు అంగడికి వేయుటతోపాటు కొన్ని తామే చుట్టి, తెలిసినవారికి పంపుచున్నారట. వారానికి ఇన్ని పెట్టెలని ఒక నోటుపుస్తకములో వ్రాసియుంచినది. ఖర్చులు ఒక ప్రక్క, రాబడి ఒక ప్రక్క. చూపించినది. ఖర్చుల వరుసలో బియ్యము, బెల్లము, నేయి, పెట్టెలు, కొరియరు అన్నియు ఉన్నవి.

“మీ అమ్మ కూలి ఏదమ్మా?” అంటిని.

ఆ అమ్మాయి పుస్తకము వంక చూచినది. “అమ్మకి కూలేంటి మేష్టారూ, ఇంట్లో పనే కదండీ” అన్నది.

తల్లి నవ్వినది. గుడ్డ మరల పిండినీటిలో మునిగినది. అమ్మాయి కొంతసేపు ఊరకుండి, కలము తీసి, కొరియరు క్రింద ఒక గీత గీసినది. “రేకుకి ఎంతెయ్యమంటావే?” అని తల్లిని అడిగినది. తల్లి జవాబు చెప్పలేదు. కుండమీద అంచు లేచు సమయమది. ఆ రేకు ఎత్తి, ప్రక్కనున్న దొంతిమీద ఉంచి, అప్పుడు కూతురివైపు తిరిగినది.

“అంగట్లో మనకెంతిస్తున్నారో అంత కాదు” అన్నది. “ఆలోచించి ఎయ్యి.”